క్రూస్, సాంతోస్, ఇగ్లేసియాస్: స్పానిష్ ఇంటిపేర్లలోకి దేవుడు ఎలా వచ్చాడు?

సంక్షిప్తంగా: స్పానిష్ ఇంటిపేర్లలో సిలువ, చర్చి, పునీతులు (సెయింట్లు), చివరికి దేవుడి పేరు కూడా తరచూ కనిపిస్తాయి. వీటిలో చాలావరకు కుటుంబ భక్తికి గుర్తులు కావు. పూర్వీకుల ఊరు, తాతముత్తాతల పేరు, బిడ్డ దొరికిన గుమ్మం, జ్ఞానస్నానం ఇచ్చిన చర్చి గురువు (పాదిరీ) రాసిన అక్షరాలు, పన్నుల లెక్క కోసం సర్కారు పంచిన జాబితా, వీటిలో ఏదో ఒకదాని జాడలు. ఒకే పేరు వేర్వేరు కుటుంబాలకు వేర్వేరు దారుల్లో వచ్చింది కాబట్టి పేరు చూసి వంశం మతాన్ని చెప్పడం కుదరదు.

ముంబయి విమానాశ్రయాన్ని పాతతరం వాళ్లు ఇప్పటికీ శాంతాక్రూజ్ అనే అంటారు. తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన నటి ఇలియానా పేరు చివర డిక్రూజ్ ఉంది. వైద్యవిద్య కోసం పిల్లల్ని ఫిలిప్పీన్స్‌కు పంపిన తల్లిదండ్రులకు కాలేజీ కాగితాల మీద దేలా క్రూస్, సాంతోస్, రేయెస్ అనే పేర్లు పదేపదే ఎదురవుతాయి. మొదటి రెండూ పోర్చుగీసు వాళ్లు వదిలివెళ్లినవి, తర్వాతివి స్పెయిన్ వాళ్లవి. క్రూజ్ అన్నా క్రూస్ అన్నా సిలువే.

ఇలాంటి పేరు కనబడగానే పుట్టే అనుమానాలు కొన్ని ఉన్నాయి. వీళ్లది పాదిరీల కుటుంబమా? మతం మారినవాళ్లా? అనాథలుగా చర్చిలో పెరిగినవాళ్ల సంతతా? ఒకప్పుడు యూదులై ఉండి దాచుకున్నవాళ్లా? వంశవృక్షాల వెబ్‌సైట్లు, ఫార్వర్డు మెసేజీలు వీటిలో ఏదో ఒక జవాబును పట్టుకుని అన్ని కుటుంబాలకూ అతికిస్తున్నాయి. ప్రతి జవాబులోనూ కొంత నిజం ఉంది. ఏ ఒక్కటీ అందరికీ వర్తించదు.

ఊరి పేరే ఇంటి పేరు

ఎక్కువ కుటుంబాలకు ఈ పేర్లు ఊరి ద్వారానే వచ్చాయి. తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. దేవులపల్లి వారంతా అర్చకులు కారు. వాళ్ల పూర్వీకులు ఆ పేరుగల ఊరివాళ్లు, అంతే. స్పెయిన్‌లో సాన్ మార్తీన్, సాన్ రోమాన్, సాంతామరియా, సాంతాక్రూస్ అనే ఇంటిపేర్ల కథ చాలావరకు ఇదే. మధ్యయుగంలో ముస్లిం పాలన నుంచి భూములు చేజిక్కించుకుంటూ క్రైస్తవ రాజ్యాలు దక్షిణానికి జరిగిన కొద్దీ కొత్త ఊళ్లు వెలిశాయి. ఊరికి ఒక చర్చి, చర్చికి ఒక పునీతుడు, ఆ పునీతుడి పేరే ఊరికి. ఆ ఊరివాడు మరో ఊరికి వలస వెళ్తే అక్కడ అతన్ని గుర్తుపట్టే మాట అదే అయింది. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఊరిపేరుతో పిలిస్తే ఎవరిని పిలిచినట్టు? అందుకే ఊరి పేర్లు ఇంటిపేర్లుగా నిలిచింది ఊరు వదిలినవాళ్లకే.

కొన్ని పేర్లలో పునీతుడు గుర్తుపట్టలేనంతగా అరిగిపోయాడు. ప్రపంచమంతా బ్యాంకు పేరుగా తెలిసిన సాంతాన్‌దేర్ (మన పత్రికల్లో శాంటాండర్) ఒక రేవు పట్టణం. అక్కడి మఠం పునీత ఎమెతేరియో పేరు మీద ఉండేది. లాటిన్‌లో సాంక్తి ఎమెతేరి, అంటే ఎమెతేరియో గారిది అని. నాలుక మీద ఇది సాంత్ ఎంతేర్, సాంతెందేర్ అవుతూ సాంతాన్‌దేర్ దగ్గర ఆగింది. సాంతా హులియానా సాంతియానా అయింది. లెయోన్ ప్రాంతంలో సాంక్తుస్ ఫకుందుస్ కాస్తా సాఆగూన్‌గా మారి, పునీతుడు అనే మాట కూడా ‘సా’ అనే ఒక్క అక్షరంలోకి కుదించుకుపోయింది. కొలంబియా స్వాతంత్ర్య నాయకుడు ఫ్రాన్సిస్కో దె పౌలా సాంతాన్‌దేర్ పేరులో ఒక రోమన్ కాలపు హతసాక్షి దాగి ఉన్నాడని ఆ దేశంలోనే చాలామందికి తట్టకపోవచ్చు.

సాంతియాగో కూడా ఇలా అతుక్కున్నదే. సాంక్తి యాకోబి, సాంత్ యాగో, సాంతియాగో. మన బైబిల్లోని అపొస్తలుడు యాకోబే. గలీసియాలోని సాంతియాగో దె కొంపోస్తెలాలో ఆయన సమాధి ఉందన్న నమ్మకంతో శతాబ్దాల పాటు యాత్రికులు నడిచారు. ఆ దారి పొడవునా ఆయన పేరు ఊళ్లకూ చర్చిలకూ పాకింది.

ఇగ్లేసియాస్ అంటే చర్చిలు. ఈ ఇంటిపేరు వాయవ్య మూలనున్న గలీసియాలో దట్టంగా ఉండటానికి కారణం అక్కడి నేల తీరే. గలీసియాలో జనం పెద్ద ఊళ్లుగా కాక చిన్న చిన్న పల్లెలుగా చెదిరి బతుకుతారు. తెలుగు కథోలికులు విచారణ అని పిలిచే చర్చి పరిధులు అక్కడ 3,700కు పైగా ఉన్నాయి. అడ్రసు చెప్పేటప్పుడు కూడా విచారణ పేరు వస్తుంది. చర్చి పక్కన ఇల్లు ఉన్నవాడు చర్చివాడయ్యాడు. అది భక్తికి కాదు, ఇంటి ఆనవాలుకు పెట్టిన పేరు. స్పెయిన్ సోషలిస్టు పార్టీని 1879లో స్థాపించిన పాబ్లో ఇగ్లేసియాస్ గలీసియాలోని ఫెర్రోల్‌లో పుట్టాడు. కార్మికోద్యమాన్ని నడిపిన ఆ నాయకుడి ఇంటిపేరు చర్చిలు. దాన్ని చూసి ఆయన నమ్మకాలు ఊహించబోయేవాళ్లు నేరుగా తప్పులో కాలేస్తారు.

తండ్రి పేరులోని పునీతుడు

మార్తీనెస్, పేరెస్, దొమీంగెస్, బెనీతెస్, మార్కెస్. చివర ఉన్న ‘ఎస్’ ఫలానా వాడి కొడుకు అని చెప్పే ప్రత్యయం. పేరెస్ అంటే పేతురు కొడుకు. మార్కెస్ మార్కు కొడుకు, ఇబాన్యెస్ యోహాను కొడుకు, ఎస్తేబానెస్ స్తెఫాను కొడుకు. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు పరిచయమైన పేర్లే ఇవి, వేషం మార్చుకుని కూర్చున్నాయి. మొదట్లో ఇవి ప్రతి తరానికీ మారేవి. మార్తీన్ కొడుకు పెద్రో అయితే అతను పెద్రో మార్తీనెస్, అతని కొడుకు పేరెస్. మధ్యయుగం చివరికి వచ్చేసరికి ఈ మార్పు ఆగిపోయి, ఒక తరం దగ్గర పేరు గడ్డకట్టింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. స్పెయిన్‌లో అత్యధికులకు ఉన్న ఇంటిపేర్ల వరసలో గార్సియా మొదటిది. దాని వెనుక రోద్రీగెస్, గొన్సాలెస్, ఫెర్నాందెస్, లోపెస్ ఉంటాయి. ఈ అయిదింటిలో ఒక్క పునీతుడి నుంచి పుట్టిన పేరు కూడా లేదు. గార్సియా బహుశా రోమన్లకు ముందుది. రోద్రీగో, గొన్సాలో, ఫెర్నాందో రోమన్ల తర్వాత స్పెయిన్‌ను ఏలిన విసిగోతులు అనే తెగ తెచ్చిన జర్మానిక్ పేర్లు. లోపే అంటే తోడేలు. అంతటి కథోలిక దేశంలో ఇదేం విడ్డూరం అనిపిస్తుంది. కారణం కాలం. తండ్రి పేర్లు ఇంటిపేర్లుగా గట్టిపడే నాటికి జనంలో ఎక్కువగా ఉన్నవి పాత యోధుల, రాజుల పేర్లు. పిల్లలకు అపొస్తలుల పేర్లు పెట్టడం బాగా పెరిగింది ఆ తర్వాతే. అప్పటికి ఇంటిపేర్ల తలుపు సగం మూసుకుంది.

పునీతుల పేర్లలోనూ అంతా క్రైస్తవమే లేదు. మార్తీన్ పేరు ఫ్రాన్స్‌లోని తూర్ నగర బిషప్ పునీత మార్టిన్ వల్ల ప్రసిద్ధమైంది. ఆ పేరు పుట్టింది మాత్రం మార్స్ అనే రోమన్ యుద్ధదేవుడి నుంచి. దొమీంగో అంటే ప్రభువుకు చెందినవాడు అని అర్థం, ఆదివారం అని కూడా. ఒక దొమీంగెస్ పూర్వీకుడికి ఆ పేరు సిలోస్ మఠాధిపతి పునీత దొమీంగో మీది భక్తితో పెట్టారా, ఆదివారం పుట్టాడని పెట్టారా అన్నది పేరు ఒక్కటే చూసి ఎవరూ తేల్చలేరు. రేయెస్, పస్కువాల్, సాంతోస్ విషయంలోనూ ఇంతే. జనవరి 6న ముగ్గురు రాజుల (రేయెస్) పండుగనాడో, పాస్కా (ఈస్టర్) నాడో, నవంబరు 1న సకల పునీతుల పండుగనాడో పుట్టిన బిడ్డకు ఆ పేరు పడి ఉండవచ్చు. అదే పేరుగల ఊరి నుంచీ రావచ్చు.

గోడలో తిరిగే పెట్టె

ఆబాద్ (మఠాధిపతి), మోన్హే (సన్యాసి), ఫ్రాయిలే (మఠ సోదరుడు), సాక్రిస్తాన్ వంటి పేర్లు వినగానే వచ్చే సందేహం న్యాయమైనదే. పెళ్లి చేసుకోనివాళ్ల పేర్లు వారసత్వంగా ఎలా వచ్చాయి? కొందరు మఠం పొలాలు కౌలుకు చేసినవాళ్లు. కొందరికి అది ఊరు పెట్టిన ఎగతాళి పేరు. చర్చి సామాను చూసే సాక్రిస్తాన్‌కు పెళ్లి నిషేధం లేదు. గురువుల పిల్లలు కూడా మధ్యయుగపు కాస్తీయా రాజ్యంలో అరుదేమీ కాదు, నాటి శాసనాలే వాళ్ల గురించి మాట్లాడతాయి.

ఎక్స్‌పోసితో దారి వేరు. లాటిన్‌లో దాని అర్థం ‘బయట ఉంచబడినవాడు’. అనాథ శిశువుల ఆశ్రమం గోడలో తోర్నో అనే కొయ్య పెట్టె ఉండేది. నిలువు ఇరుసు మీద గుండ్రంగా తిరిగేది. వీధిలోంచి బిడ్డను అందులో పెట్టి తిప్పితే బిడ్డ లోపలికి వెళ్లేది. పెట్టినవాళ్ల ముఖం లోపలివాళ్లకు కనబడేది కాదు. గంట విని వచ్చిన సన్యాసిని బిడ్డను తీసుకునేది, పుస్తకంలో ఒక పేరు రాసేది. ఆ పేరు ఆ రోజు పునీతుడిది కావచ్చు. దె లా క్రూస్, దె దియోస్ (దేవుడివాడు), దె లా ఇగ్లేసియా కావచ్చు. చాలా చోట్ల అది సూటిగా ఎక్స్‌పోసితో.

ఆ ఒక్క మాట బిడ్డను జీవితాంతం వెంటాడేది. పెళ్లిలో, పనిలో, కోర్టులో పుట్టుక బయటపడేది. 1794లో రాజు నాలుగో కార్లోస్ ఈ పిల్లల్ని చట్టం దృష్టిలో సక్రమ సంతానంగానే చూడాలనీ, వాళ్లను అక్రమ సంతానమని తిట్టినవాళ్లను శిక్షించాలనీ ఆజ్ఞ ఇచ్చాడు. శిక్ష పెట్టి ఆపాల్సి వచ్చిందంటే ఆ మాట వీధుల్లో ఎంతగా వినిపించేదో తెలుస్తుంది. 1957 నాటి పౌర నమోదు చట్టం ఎక్స్‌పోసితోను పేరుపెట్టి ప్రస్తావించి, దాన్ని మార్చుకోవడానికి వీలు కల్పించింది. చాలామంది మార్చుకున్నారు, మార్చుకోనివాళ్లూ ఉన్నారు. అయితే దె లా క్రూస్ అన్నవాళ్లంతా ఈ పెట్టెలోంచి వచ్చినవాళ్లని చెప్పే వెబ్‌సైట్లు తప్పు చెబుతున్నాయి. దారి పక్కన రాతి సిలువ ఉన్న ప్రతి మలుపూ ఒక దె లా క్రూస్‌ను పుట్టించగలదు.

ఇంటిపేరు కాని మతపు పేర్లు

స్పెయిన్‌లోని ఆవిలాకు చెందిన సన్యాసిని పునీత తెరేసా ఉదాహరణ చాలా గందరగోళాన్ని విడదీస్తుంది. ఆమె 1515లో పుట్టింది. తండ్రి ఇంటిపేరు సెపేదా, తల్లిది ఆఊమాదా. ఆమె తల్లి పేరు తీసుకుని తెరేసా దె ఆఊమాదా అయింది. ఆమె అన్నదమ్ముల్లో రోద్రీగో, లొరెన్సో సెపేదాలు. ఒకే కడుపున పుట్టినవాళ్లకు వేర్వేరు ఇంటిపేర్లు ఉండటం ఆనాడు వింత కాదు, ఏ నియమమూ లేదు. తర్వాత తాను చేరిన కార్మెలైట్ మఠ సంఘంలో సంస్కరణ మొదలుపెట్టి ఆమె తెరేసా దె హేసుస్, యేసు తెరేసా, అయింది. ఆమె సహచరుడు హువాన్ దె యేపెస్ అలాగే హువాన్ దె లా క్రూస్ అయ్యాడు. ఇవి మఠంలో స్వీకరించిన పేర్లు. వాళ్లకు పిల్లలు లేరు కాబట్టి ఇవి ఎవరికీ వారసత్వంగా రాలేదు. నేటి దె హేసుస్, దె లా క్రూస్ కుటుంబాలను వీళ్లతో కలపడానికి ఆధారం లేదు. జనం వాళ్ల మీది గౌరవంతో పిల్లలకు పెట్టుకున్న పేర్లు కొన్ని ఇంటిపేర్లయి ఉండవచ్చు.

తండ్రి పేరు ముందు, తల్లి పేరు వెనుక, రెండూ రాసే నేటి పద్ధతి దేశమంతటా చట్టంగా స్థిరపడింది 1870 పౌర నమోదు చట్టం తర్వాతే. ఈ పద్ధతిలో పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు మారదు.

ఫిలిప్పీన్స్: సర్కారు పంచిన పేర్లు

స్పెయిన్‌లో శతాబ్దాల పాటు మెల్లగా జరిగిన పని ఫిలిప్పీన్స్‌లో ఒక్క ఆజ్ఞతో జరిగింది. జ్ఞానస్నానం పొందిన స్థానికులు అప్పటివరకు తమకు నచ్చిన పునీతుడి పేరునో, దె లా క్రూస్, దె లోస్ సాంతోస్ వంటి మాటనో చివర తగిలించుకునేవాళ్లు. తండ్రికి ఒకటి, కొడుక్కి ఇంకొకటి. పన్ను కట్టాల్సిన హువాన్ దె లా క్రూస్ ఎవరో తేల్చుకోలేక అధికారులు తలపట్టుకునేవాళ్లు. పెళ్లి చేయబోయే ఇద్దరు దగ్గరి బంధువులా కాదా అన్నది గురువులకూ తెలిసేది కాదు.

గవర్నర్ జనరల్ నర్సీసో క్లవేరియా 1849 నవంబరు 21న ఉత్తర్వు ఇచ్చాడు. లెక్క తప్పితే సహించని అధికారి ఆయన. ఆసియా పక్క దేశాల తేదీతో ఫిలిప్పీన్స్ తేదీ కలవడం లేదని 1844 డిసెంబరు 31ని క్యాలెండరులోంచే తీసేయించాడు. ఆయన పంపిన పేర్ల జాబితాలో 60 వేలకు పైగా మాటలున్నాయి: స్పానిష్ ఇంటిపేర్లు, చెట్లు, ఖనిజాలు, ఊళ్లు, స్థానిక భాషల మాటలు కూడా. ప్రతి రాష్ట్రాధికారి ఆ జాబితాను ముక్కలు చేసి ఊళ్లకు పంచాడు. ఊరికి కొన్ని పుటలు. ఊరి పెద్దలు, విచారణ గురువు సమక్షంలో ఒక్కో కుటుంబం పెద్ద వచ్చి ఒక పేరు ఎంచుకునేవాడు, లేదా అతనికి ఒకటి కేటాయించేవాళ్లు. అక్షరక్రమంలో ఉన్న పుటలు కాబట్టి కొన్ని చోట్ల ఊరంతటికీ ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పడ్డాయి. ఆల్బాయ్ రాష్ట్రంలోని ఓఆస్ పట్టణంలో ‘ర’తో మొదలయ్యే ఇంటిపేర్లు నేటికీ అందుకు సాక్ష్యం.

నాలుగు తరాలుగా ఒకే పేరు నిలుపుకున్న కుటుంబాలకు ఉత్తర్వు మినహాయింపు ఇచ్చింది, అది పునీతుడి పేరైనా సరే. దె లా క్రూస్, దె లోస్ సాంతోస్‌లకు మాత్రం ఆ సడలింపు కూడా లేదు. గందరగోళానికి అవే కారణమని వాటిని పేరుపెట్టి పక్కన పెట్టారు. అయినా నేడు ఫిలిప్పీన్స్‌లో అత్యధికంగా కనిపించే ఇంటిపేర్లలో దేలా క్రూస్, సాంతోస్, రేయెస్ ముందున్నాయి. కాగితం మీది ఆజ్ఞ అన్ని ఊళ్లలో ఒకేలా అమలు కాలేదని ఇంతకన్నా స్పష్టమైన రుజువు అక్కర్లేదు. మనం ఎల్లయ్యో పుల్లయ్యో అన్నట్టు అక్కడ సామాన్యుణ్ని చెప్పడానికి హువాన్ దేలా క్రూస్ అనే అంటారు.

తెలుగు నేలతో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. ఇక్కడ క్రైస్తవం స్వీకరించిన కుటుంబాల్లో పేరు యోహాను, మరియమ్మ అయింది కానీ ఇంటిపేరు చాలావరకు పాతదే నిలిచింది. ఊరితో, బంధుత్వంతో గట్టిగా ముడిపడిన ఇంటిపేరు అప్పటికే ఉంది కాబట్టి. ఫిలిప్పీన్స్ జనంలో ఎక్కువమందికి తరతరాలుగా వచ్చే ఇంటిపేరు అనే పద్ధతే అంతకుముందు లేదు. ఆ ఖాళీని చర్చి మాటలు నింపాయి. లాటిన్ అమెరికాలోనూ మూలసూత్రం ఇదే. మెక్సికోలోని ఓహాకా వంటి చోట్ల క్రూస్, సాంతియాగో పేర్లు స్థానిక భాషలు మాట్లాడే పల్లెల్లో దట్టంగా ఉన్నాయి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లకు జ్ఞానస్నానంలో ఇచ్చిన పేర్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. 1859లో మెక్సికో పౌర నమోదును చర్చి చేతుల్లోంచి తీసుకున్నా, గురువులు అప్పటికే రాసిన పేర్లు సర్కారు పుస్తకాల్లోకి అలాగే వెళ్లాయి.

యూదుల జాబితా అనే అపోహ

1492లో వెళ్లగొట్టిన యూదుల సంతతికి పౌరసత్వం ఇచ్చే ముసాయిదా చట్టాన్ని స్పెయిన్ ప్రభుత్వం 2014లో ముందుకు తెచ్చినప్పుడు, వేల ఇంటిపేర్లతో ఒక జాబితా సోషల్ మీడియాలో చక్కర్లు కొట్టింది. అందులో పేరుంటే పౌరసత్వం వచ్చినట్టేనని ప్రచారం. అది ప్రభుత్వం విడుదల చేసినది కాదు. స్పెయిన్‌లో అతి సాధారణమైన పేర్లు కూడా అందులో ఉన్నాయి.

నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. బుర్గోస్ నగరపు రబ్బీ (యూదు మతగురువు) సొలొమోన్ హా-లేవీ మతం మారి పాబ్లో దె సాంతా మరియా అయ్యాడు, 1415లో అదే నగరానికి బిషప్ అయ్యాడు. రబ్బీ పీఠం ఉన్న ఊళ్లోనే బిషప్ పీఠం. కొలంబస్ యాత్రకు డబ్బు సమకూర్చిన లూయిస్ దె సాంతాంగెల్‌ది కూడా మతం మారిన కుటుంబమే. ఇవి గట్టి ఉదాహరణలు కాబట్టే జనం మనసులో నాటుకున్నాయి. కానీ మతం మారినవాళ్లు సాధారణంగా జ్ఞానతండ్రి (జ్ఞానస్నానంలో పక్కన నిలిచే పెద్ద) ఇంటిపేరు తీసుకునేవాళ్లు. అది ఫెర్నాందెస్ కావచ్చు, మెందోసా కావచ్చు. 1449లో తొలేదోలో ‘రక్తశుద్ధి’ శాసనం వచ్చి, మతం మారినవాళ్ల సంతతిని పదవుల నుంచి తప్పించడం మొదలైంది. అలాంటి సమాజంలో నలుగురిలో కలిసిపోయే పేరే క్షేమం. సాంతామరియా అనే పేరు ఆ పేరుగల ఊళ్ల నుంచి వచ్చిన పాత క్రైస్తవ రైతులకూ ఉంది. 2015లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం కూడా జాబితాను కాదు, వంశాన్ని నిరూపించే పత్రాలనే అడిగింది.

ఆధారం ఎక్కడ దొరుకుతుంది

తొలేదో ఆర్చిబిషప్ (తర్వాత కార్డినల్) సిస్నేరోస్ 1497, 1498 చర్చి సభల్లో తన పరిధిలోని ప్రతి విచారణలో జ్ఞానస్నానాల పుస్తకం పెట్టమన్నాడు. ట్రెంట్ మహాసభ తర్వాత అది కథోలిక ప్రపంచమంతటా నియమమైంది. సాధారణంగా అందులో బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ ఉంటాయి. ఒక దె లా క్రూస్ ఎక్కడ మొదలయ్యాడో చెప్పగలిగేది ఆ నాలుగు పంక్తులే. తల్లిదండ్రుల చోట ‘తెలియదు’ అని ఉంటే ఒక దారి, తండ్రి పేరు పక్కన ఊరుంటే ఇంకో దారి. తేదీ జనవరి 6 అయితే రేయెస్‌కు మూడో దారి.

ఈ పేర్ల భవిష్యత్తును మార్చగలిగింది మతం కాదు, మరో నమోదు నియమం. పిల్లలకు తల్లి పేరు ముందు పెట్టుకునే వీలు 1999లో స్పెయిన్ ఇచ్చింది. 2017 జూన్ 30 నుంచి తండ్రి పేరు దానంతటదే ముందు రావడం ఆగిపోయి, ఏది ముందో తల్లిదండ్రులే రాయాల్సి వస్తోంది. తండ్రి గార్సియా, తల్లి సాక్రిస్తాన్ అయితే బిడ్డ ఇప్పుడు సాక్రిస్తాన్ గార్సియా కావచ్చు. రెండో స్థానంలో ఉండి మనవల దగ్గరికి వచ్చేసరికి రాలిపోయే అరుదైన పేర్లకు ఇది దొరికిన ఊపిరి.